పవరు లేని కళ్ళజోడు

సీతారత్నం ముక్కు మీద కూర్చున్న కళ్ళజోడుకి పవరు లేదు. పవరంతా దాన్ని కొనిపెట్టిన బావ నోట్లో ఉంది.

కాశీబుగ్గలో జీడిపప్పు కంపెనీలు వీధికి నాలుగు. వాటిలో ఒకదాంట్లో, కిటికీ పక్కన, గ్రేడింగు బల్ల ముందు ఆమె పని. గుండు పప్పు ఒక పళ్ళెంలోకి, బద్ద ఒక పళ్ళెంలోకి, ముక్క ఒక పళ్ళెంలోకి. కింద చాపల మీద కూర్చుని పొట్టు తీసేవాళ్ళు నలభై మంది. బల్ల ముందు ఆరుగురే. చాప మీంచి బల్ల దగ్గరికి నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులు వెయ్యడానికి కొందరికి పదేళ్ళు పడుతుంది, కొందరికి ఈ జన్మ సరిపోదు. సీతారత్నం ఒకసారి ఎక్కి, ఒకసారి దిగి, మళ్ళీ ఎక్కిన మనిషి. అందుకే ఆ సీటంటే ఆమెకి ప్రాణం. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ తను బాగుపడినట్టు లెక్క.

దిగిన కథ ఇది. తొంభైతొమ్మిది తుఫాను ఉద్దానంలో కొబ్బరిచెట్లని పడుకోబెట్టి వెళ్ళిపోయిన ఏడాదికి సీతారత్నం కూడా పడిపోయింది. ఆమెని పడగొట్టింది గాలి కాదు. ఏమిటో ఆమెకే తెలీదు. తింటోంది, పడుకుంటోంది, కంపెనీకి వస్తోంది. ఒకరోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా గుండూ, బద్దా, ముక్కా తేడా లేకుండా అంతా తెచ్చి ముక్కల పళ్ళెంలో పోసేసింది. మేస్త్రీ తిరుపతిరావు వచ్చి చూసి గుండె పట్టుకున్నాడు.

"ఏటిది సీతారత్నం? గుండంతా ముక్కల్లో పోసీసినావేటి?"

ఆమె తలెత్తి, "అన్నీ పప్పే గదా" అంది.

షెడ్డు షెడ్డంతా పకపకా నవ్వింది. ఆ తర్వాత నెల్లాళ్ళపాటు కూరలో ఉప్పు తగ్గినా, చీరకి రంగు కలవని రవిక తొడుక్కున్నా, ఆ ఆడవాళ్ళ నోట ఒకటే మాట: అన్నీ పప్పే గదా.

ఆ రోజు ఆమెని ఇంటికి తీసుకెళ్ళినవాడు మేనమామ కొడుకు ఢిల్లేశ్వరరావు. శ్రీకాకుళం తీసుకెళ్ళి మనసు డాక్టరుకి చూపించినవాడూ అతనే. కంపెనీకి మాత్రం కళ్ళు మసకలనీ, ఒంట్లో రక్తం తక్కువనీ చెప్పాడు. మాత్రలు పడ్డాయి. పదిహేను రోజులకి నిద్ర కుదిరింది, నెలన్నరకి కూర రుచి తెలిసింది, మూడో నెలలో ఒకనాడు చిన్నకూతురు జారిపడితే సీతారత్నం నవ్వి, తను నవ్వినందుకు ఏడ్చింది. పనిలోకి తిరిగి వెళ్ళే ముందు ఢిల్లేశ్వరరావు టెక్కలి నుంచి ఒక కళ్ళజోడు తెచ్చి ఆమె ముక్కు మీద పెట్టాడు.

"నాకు కళ్ళు బాగానే ఉన్నాయి గదా బావా."

"ఉన్నాయి. అందుకే జీరో పవరు తెచ్చినాను. కళ్ళ జబ్బంటే జనం జాలిపడతారు మరదలా. మనసు జబ్బంటే జరుగుతారు."

ఆ మాటకి ఇద్దరూ నవ్వుకున్నారు. పద్నాలుగు నెలలు చాప మీద పొట్టు తీశాక, రెండువేల రెండులో, కళ్ళజోడుతో సహా ఆమె మళ్ళీ బల్ల దగ్గరికి చేరింది. అసలు సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. డాక్టరు గారు చెప్పరు. మొగుడు అసిరయ్య రోజుకి పది మాటలు మాట్లాడే మనిషి, ఆ పదీ ఆవుతోనే సరిపోతాయి. ఇక మిగిలింది బావ.

బావ పేరులో ఢిల్లీ ఉందిగానీ కాలు ఎన్నడూ జిల్లా దాటలేదు. జముకుల కథ చెప్పేవాడు. చంకలో జముకు పెట్టి తీగ లాగి వాయిస్తూ అతను కథ చెబుతుంటే, పక్కన ఇద్దరు వంతలు "ఆహా" అంటూ ఎత్తుకుంటారు. చదువుల ఉద్యమం రోజుల్లో అక్షరాల కోసం పాడాడు. ఆ తర్వాత మరుగుదొడ్ల కోసం పాడాడు. పథకాలు పోయాయి, పాటలు మిగిలాయి, మరుగుదొడ్లలో కొబ్బరి డొక్కలు మిగిలాయి. నలుగురు కూర్చున్నచోట అతను నోరు విప్పితే నలభై మంది అవుతారు. నవ్వు రాని సభ అతనికి ఉప్పు లేని గంజి.

అటువంటివాడికి ఆ ఏడాది వానాకాలం ముందు పిలుపొచ్చింది. టెక్కలిలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పల్లెల్లో మనసు జబ్బుల గురించి జనానికి తెలియజెప్పాలని పూనుకున్నారు. ముందుగా ఒక కరపత్రం అచ్చేశారు. "విషాద రుగ్మత: ఉద్వేగాత్మక సమతౌల్యము లోపించుట, ఆసక్తి క్షీణించుట, నిద్రాభంగము కలుగుట." నిద్రాభంగం సంగతేమోగానీ, అది చదివినవాడికి రెండో పంక్తికే నిద్రపట్టేసింది. కరపత్రాన్ని జనం కరంతోనే పుచ్చుకున్నారు, బుర్రతో పుచ్చుకోవడం ఎవరి వల్లా కాలేదు. "మనోవైకల్యం" అన్న మాట దగ్గర ఒక ముసలాయన ఆగి, "వైకల్యమంటే పింఛనొస్తాదా బాబూ?" అని అడిగాడు. వారం తిరక్కుండా కాశీబుగ్గ బస్టాండులో శనగలన్నీ విషాద రుగ్మతలో పొట్లాలు కట్టి అమ్మారు.

తర్వాత అక్కుపల్లిలో సభ పెట్టారు. కుర్ర డాక్టరొకాయన మైకు పుచ్చుకుని, "మీలో చాలామందికి డిప్రెషన్ రావచ్చు" అన్నాడు. సముద్రం మీద బతికేవాళ్ళకి ఆ మాట రేడియోలో వినీ వినీ అలవాటే. ముందు వరసలో పెద్దాయన ఒకడు దిగ్గున లేచాడు.

"ఎప్పుడొత్తాది బాబూ? కళింగపట్నంలో ఎన్నో నెంబరు ఎగరేసినారు?"

డాక్టరు జవాబు వెతుక్కునేలోపు సగం సభ పడవలు పైకి లాక్కోవడానికి ఒడ్డుకి పరిగెత్తింది. మిగతా సగం వాళ్ళకి సాయం వెళ్ళింది. మైకు దగ్గర డాక్టరూ, మైకు అద్దెకిచ్చినవాడూ మిగిలారు. ఆ మర్నాడే సంస్థ వాళ్ళు ఢిల్లేశ్వరరావు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు: మాకు తెలిసింది వీళ్ళకి తెలిసేలా చెప్పు నాయనా అని.

అతను నోటుబుక్కు పట్టుకుని ఆదివారం పూట సీతారత్నం ఇంటికొచ్చాడు. ఆమె అరుగు మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది.

"ఆ కొబ్బరి కోరడం ఆపి నా కోరికేటో ఇను మరదలా."

"నీ కోరికలు ఇనడానికి మా అప్ప నేదేటి ఇంట్లో?"

"మీ అప్ప ఇనదు, ఇనిపిస్తాది. నువ్వు ఇను." కథ సంగతి చెప్పి, గొంతు తగ్గించి అడిగాడు. "నీకప్పుడు ఎలాగుండీది? డాక్టరు మాటలొద్దు. నీ మాటల్లో సెప్పు."

సీతారత్నం చెయ్యి ఆగింది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నిద్ర పడుతోందా అని డాక్టరు అడిగాడు. మాత్ర వేసుకున్నావా అని అసిరయ్య చూపుతో అడిగేవాడు. ఎలా ఉండేది అని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆమె కోరిన కొబ్బరిని వేళ్ళతో చాలాసేపు అటూ ఇటూ కదిపింది.

"నూతిలో సేద దించుతాం గదా బావా. అడుక్కెల్లి నీరు తగిల్తే సప్పుడొత్తాది. నాకా సప్పుడు నేదు. దించుతున్నాను, దించుతున్నాను. తాడయిపోనాది గానీ సప్పుడు నేదు. పిల్లలు పిలిసినా అంతే. కూర మాడినా అంతే. ఏడుపొచ్చినా బాగున్ను. అదీ రానేదు."

ఢిల్లేశ్వరరావు పెన్ను ఆగిపోయింది. అతని నోటి నుంచి మాట పుట్టని క్షణం సీతారత్నం చూడడం అదే మొదలు. తర్వాత తల వంచుకుని గబగబా రాసుకున్నాడు.

"బావా, నా పేరు రాకూడదు. ఊరు రాకూడదు. పప్పు అసలే రాకూడదు."

"పిచ్చిదానా" అని, ఆ మాట అన్నందుకు నాలుక కరుచుకుని, సంచిలోంచి జముకు తీసి దాని మీద చెయ్యి వేశాడు. "దీని మీద ఒట్టు. ఇది నాకు తిండి పెట్టీది."

వారానికి కథ రాసి తెచ్చి వినిపించాడు. అక్కుపల్లిలో నూకమ్మ అనే చేపల మనిషి. ఆమెకి జబ్బు చేస్తుంది. ఒకనాడు మంచి చందువ చేపల్ని తీసుకెళ్ళి ఎండబెట్టే చిల్లర చేపల్లో కలిపేస్తుంది. ఏటే ఇది అంటే "అన్నీ సేపలే గదా" అంటుంది. నూతిలో చేద ఉంది, చప్పుడు లేకపోవడం ఉంది, డాక్టరున్నాడు, మాత్రలున్నాయి, చివర్లో నూకమ్మ కూతురు జారిపడితే నవ్వడమూ ఉంది. సీతారత్నం చేపల దగ్గర కడుపు పట్టుకుని నవ్వింది. తన సంగతి తను కాని మనిషి మీదుగా వింటుంటే ఏదో బరువు దిగినట్టనిపించింది.

"బాగుంది బావా. సెప్పీ."

అతను ఊరూరా చెప్పాడు. ఏ ఊరెళితే ఆ ఊరి పని కథలో పెట్టడం జముకుల వాళ్ళకి అలవాటు. జనం తమ పని వింటేనే ముందుకి జరుగుతారు. కొబ్బరితోటల ఊళ్ళలో నూకమ్మ బొండాల్ని ముదురు కాయల్లో కలిపేసేది, వరి ఊళ్ళలో విత్తనం వడ్లని పశువుల దాణాలో పోసేది. కరపత్రం చెయ్యలేని పని నూకమ్మ చేసింది. టెక్కలిలో పదిహేను రోజులకోసారి వచ్చే డాక్టరు దగ్గర వరస పెరిగింది. వచ్చినవాళ్ళు విషాద రుగ్మత అనేవారు కాదు. "సేద సప్పుడు నేదు బాబూ" అనేవారు. డాక్టరు గారు కూడా నేర్చుకుని, "ఎన్నాళ్ళయింది చప్పుడు లేక?" అని అడిగేవారట. ఈ సంగతి బావ చెబుతుంటే సీతారత్నానికి లోపల్లోపల గొప్పగా ఉండేది. పవరు లేని కళ్ళజోడు వెనక కళ్ళు మెరిసేవి. ఆ మెరుపు సంగతి ఎవరికీ చెప్పుకోవడానికి లేదు, అంతే.

కాశీబుగ్గలో ఆట ఒక ఆదివారం సాయంత్రం, హైస్కూలు మైదానంలో. కంపెనీల ఆడవాళ్ళంతా కదిలొచ్చారు. సీతారత్నం తన బల్ల వాళ్ళతో, చాపల వాళ్ళతో కలిసి మధ్యలో కూర్చుంది. వేరుశనగలు ఒలుచుకుంటూ బావ కోసం గర్వంగా చూసింది.

ఆట ఎక్కలేదు. మైకు గీపెట్టింది. వెనక పిల్లలు ఏడ్చారు. నూకమ్మ చేపలు పట్టుకుని వచ్చేసరికి పక్క వరసలో ఎవరో, "సేపల కథ మనకెందుకే, నీసు కంపు" అన్నారు. ఇద్దరు ముగ్గురు లేచి చీరలు దులుపుకున్నారు. ఢిల్లేశ్వరరావు కండువాతో మొహం తుడుచుకుని జనాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాడు. ఆ చూపు తిరిగి తిరిగి సీతారత్నం మీద ఆగింది. ఆమె చిన్నగా తల ఊపింది. అతను చూపు తిప్పేసుకున్నాడు. జముకు తీగ బలంగా లాగాడు.

"అలాటి నూకమ్మ సేపలబుట్ట దించీసింది!"

"ఆహా, దించీసిందా!" అన్నారు వంతలు.

"దించీసి కాశీబుగ్గ వచ్చీసింది. జీడి కంపెనీలో సేరింది!"

లేచినవాళ్ళు కూర్చున్నారు. ముందు వరసలు కేరింతలు కొట్టాయి. సీతారత్నం చేతిలో శనక్కాయ పగల్లేదు.

"బల్ల ముందు కూకుంది. గుండు పోసింది ముక్కల్లో. బద్ద పోసింది ముక్కల్లో. సాయంత్రం దాకా పోసింది ముక్కల్లో. వచ్చినాడమ్మా మేస్త్రీ! ఏటే నూకమ్మా ఇది అన్నాడు. అంటే ఆవిడేటందీ?"

"ఏటందీ?" అన్నారు వంతలు.

అతను నోరు తెరిచేలోపే ఆడవాళ్ళ మధ్య నుంచి ఎవరిదో గొంతు ఖంగుమంది:

"అన్నీ పప్పే గదా!"

మైదానం మైదానమంతా నవ్వింది. మూడు వందల మంది. ఆ నవ్వులో ఒక చోట మాత్రం, మధ్యలో, చిన్న గుంట పడింది. సీతారత్నం కంపెనీ వాళ్ళు కూర్చున్న చోటది. వాళ్ళు సగం నవ్వి ఆగిపోయారు. ఒక తల తిరిగింది. దాని పక్క తల తిరిగింది. ఆ మాట రెండేళ్ళ కిందట ఎవరి నోటి నుంచి వచ్చిందో ఆ షెడ్డులో తెలియనివాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ అది కళ్ళ జబ్బు మాట. ఇప్పుడు నూకమ్మకి ఏ జబ్బో చెబుతున్నారు కదా, ఆ జబ్బు మాట.

తర్వాత బావ చేద ఘట్టం అందుకున్నాడు. నవ్విన మైదానమే ఏడ్చింది. సీతారత్నానికి తన నూతిలో తన చేదని మూడు వందల మంది కలిసి దించుతున్నట్టుంది. ఆమె కళ్ళజోడు సర్దుకుంది. ఎవరూ అటు చూడనట్టే ఉన్నారు, అందరూ అటే చూస్తున్నారు.

ఆట అయ్యాక వేదిక వెనక అతను జముకుకి గుడ్డ చుడుతున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"సూసినావా మరదలా, ఎలాగ లేసిందో!"

"నన్ను సూసినావు గదా బావా."

అతని చేతులు ఆగాయి. "సూసినాను."

"సూసి సెప్పినావు."

"జనం సల్లబడిపోనారే. లేసెల్లిపోతన్నారు. ఎల్లిపోతే ఆ మాత్రల సంగతి ఎవులికి సెప్పను? పేరు సెప్పనేదు గదా. ఊరు సెప్పనేదు గదా."

"పప్పు సెప్పినావు."

"ఏ ఊరికి ఆ ఊరి పని పెట్టాల గదా, మా పద్ధతి నీకు తెలీదేటి?"

"పద్ధతి తెలుసు. బొండాలు పెట్టినప్పుడు నవ్వినాను, వడ్లు పెట్టినప్పుడు నవ్వినాను. నాకది సాలదా బావా, కాశీబుగ్గలో కూడా నవ్వాలా?" ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "నిజం సెప్పు. ఆ మాట అంటే వీళ్ళకి తెలిసిపోతాదని నీకు తట్టనేదేటి?"

ఢిల్లేశ్వరరావు అబద్ధం ఆడగలడు. ఆడేవాడేగానీ, ఆ వేళ ఆట పండిన సంతోషంలో నోటికి కాపలా లేకపోయింది.

"తట్టింది" అన్నాడు. "తట్టింది గానీ... అక్కడే గదా అది పండీది."

ఆమె వెనక్కి తిరిగింది. ఆటో ఎక్కి ఊరెళ్ళిపోయింది. ఇంటి దగ్గర అసిరయ్యకి అంతా చెప్పింది. అసిరయ్య ఆ రోజు ఆవుకివ్వాల్సిన మాటల్లోంచి రెండు తీసి ఆమెకిచ్చాడు: "నానున్నాను."

సోమవారం ఉదయం బల్ల దగ్గర మిగతా ఐదుగురూ పళ్ళేలు పట్టుకుని తలా ఒక జానెడు జరిగారు. జాలిపడతారు, జరుగుతారు అని బావ చెప్పిన మాట అక్షరాలా నిజమయింది. అతను కల్పన కలపకుండా చెప్పిన నిజం అదొక్కటే. మేస్త్రీ తిరుపతిరావు ఆమె గుండు పళ్ళెంలో చెయ్యి పెట్టి రెండుసార్లు కలిపి చూశాడు. తప్పులేం దొరకలేదు. "తిండి తిన్నాక గదిలోకి రా, మాటాడాల" అన్నాడు.

మధ్యాహ్నం కుళాయి దగ్గర క్యారేజీ కడుక్కుంటుంటే పెద్దతల్లి వచ్చింది. చాప మీద పొట్టు తీసేవాళ్ళలో పెద్ద మనిషి, యాభై దాటింది. పుట్టిన దగ్గర్నుంచి ఎవరినీ ఏదీ అడగనట్టుండే మనిషి. అటూ ఇటూ చూసి పక్కన గొంతుకూర్చుంది.

"సీతా, నిన్న ఆ కథలో ఒక మాట సెప్పినాడు సూడు. సేద సప్పుడు నేదని."

"ఊఁ."

"నాకూ అంతేనే. మా గుంటడి పెళ్ళయిన కాణ్ణుంచీ అంతే. దెయ్యమనుకున్నాను, తాయెత్తు కట్టించినాను. ఇదీ అని సెప్పడానికి నాకు నోరు రానేదు. ఆడెవుడో గానీ ఎంత బాగా కనిపెట్టినాడే! నా కడుపులో దూరి సూసినట్టు సెప్పినాడు."

సీతారత్నం కడిగిన క్యారేజీ గిన్నెనే మళ్ళీ కడిగింది. తన కడుపు చించుకుని తీసిన మాట. దానికి ఇప్పుడు బావ ఇంటిపేరు.

పెద్దతల్లి ఇంకా దగ్గరికి జరిగింది. నిన్నటి నుంచీ ఆమె వైపు జరిగిన మనిషి ఆవిడొక్కతే. "ఆ నూకమ్మ నువ్వేనంటన్నారు. నిజమేనా? నువ్వయితే నిజంగా తగ్గినట్టే గదా. కథలో అయితే తగ్గిందంటారు, కథలో ఏదైనా తగ్గుతాది."

"నిజమే అప్పా. తగ్గింది."

"మాత్రలతోనేనా?"

"మాత్రలతోనే. వారం దినాలకి ఏటీ తెలీదు. రెండు మూడు వారాలు పోవాల. బాగుందని మద్దెలో నీ అంతట నువ్వు మానీకూడదు, డాక్టరు సెప్పాల."

పెద్దతల్లి చాలాసేపు ఆమె మొహాన్నే చూసింది, గుండులో ముక్కేమైనా కలిసిందా అని బల్ల వాళ్ళు చూసినట్టు. "అయితే ఎల్తాను" అని లేచి వెళ్ళిపోయింది.

మేస్త్రీ గదికి తలుపు లేదు, పరదా ఉంది, అదీ సగం. లోపల బల్ల మీద రెండు టీ గ్లాసులు. ఒక గ్లాసు ముందు తిరుపతిరావు, రెండో గ్లాసు ముందు ఢిల్లేశ్వరరావు. పొద్దున్న మొదటి బస్సుకే వచ్చినట్టున్నాడు. ఆమెని చూడగానే, అంతా సర్దేశాను అన్నట్టు కన్ను కొట్టాడు.

"అదే సెప్తన్నాను మేస్త్రీ గారూ. ఆ కథంతా నా కల్పన. పేరు నాది, ఊరు నాది, నుయ్యి నాది, సేద నాది. మాటామాటా నానే పుట్టించినాను. ఆ పప్పు మాటంటారా, మీ కాశీబుగ్గలో ఎవులో అనుకుంటంటే ఇని పెట్టినాను. మా మరదలికి వచ్చింది కళ్ళ జబ్బు. ఇదిగో జోడు, నానే కొన్నాను. రసీదుంది."

నిజంగానే జేబులోంచి రసీదు తీశాడు. తిరుపతిరావు దాన్ని చదివినట్టు చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. చెడ్డవాడు కాదు. గొడవ లేకుండా సాయంత్రమైతే చాలనుకునే మనిషి.

"సూడు సీతారత్నం. ఆ బల్ల మీద పప్పు మా పేరు మీద పైకెల్తాది. రేపు ఇంకో రోజు నీకలాగయితే నానేటి సెప్పను? మీ బావ సెప్పినట్టు కళ్ళ జబ్బే అయితే ఇబ్బంది నేదు. అవునని ఒక్క మాట అను. ఎల్లి నీ కుర్చీలో కూకో."

"అనీ మరదలా" అన్నాడు బావ మెల్లగా. "అంటే అయిపోద్ది."

పరదా అవతల షెడ్డులో చాకుల చప్పుడు ఆగిపోయింది. నలభై మంది పొట్టు తీస్తున్నట్టు తలలు వంచుకుని చెవులు ఇటు పెట్టారు. సగం పరదాలోంచి సీతారత్నానికి పెద్దతల్లి కనిపించింది. ఆవిడ ఒక్కతే తల వంచుకోలేదు. చేతిలో సగం ఒలిచిన పప్పు పట్టుకుని ఇటే చూస్తోంది. కళ్ళ జబ్బే అని ఈ గదిలో అంటే, కుళాయి దగ్గర తగ్గిందని చెప్పిన మాట ఏమవుతుంది? కథలో మాటవుతుంది. కథలో ఏదైనా తగ్గుతుంది.

సీతారత్నం బావ వైపు చూసింది. నిన్న వేదిక మీద నవ్వు కోసం ఆమెని ఇచ్చేశాడు. ఇవాళ ఆమెని కాపాడ్డానికి ఆమె దగ్గర మిగిలిందంతా పట్టుకుపోతున్నాడు. నుయ్యి నాది, సేద నాది అంటున్నప్పుడు అతని మొహంలో దొంగతనం లేదు. సాయం చేస్తున్నానన్న వెలుగే ఉంది. దానికే ఆమెకి ఎక్కువ మండింది.

కళ్ళజోడు తీసి మడిచి అతని టీ గ్లాసు పక్కన పెట్టింది.

"నాకు కళ్ళు ఎప్పుడూ బాగానే ఉన్నాయి మేస్త్రీ గారూ. ఇది ఉత్తి అద్దం, పెట్టుకుని సూడండి. నాకొచ్చింది మనసు జబ్బే. మాత్రలేసుకున్నాను, తగ్గింది. తగ్గిన కాణ్ణుంచి నా పళ్ళెంలో ఒక్క తప్పు దొరికిందేటి?"

తిరుపతిరావు దొరకలేదన్నట్టు తల ఊపి, మరి ఏం చెయ్యమంటావు అన్నట్టు చేతులు తిప్పాడు.

"ఇంకో మాట. కథ ఈయన రాసిందే. నూతి మాటా, సేద మాటా మాత్రం ఈయనవి కావు. అవి నావి."

ఢిల్లేశ్వరరావు రసీదు వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"అయితే నాలుగు రోజులు సాప మీద కూకో" అన్నాడు మేస్త్రీ. "సావుకారితో మాటాడి సూత్తాను." నాలుగు రోజులంటే ఎన్ని నెలలో ఇద్దరికీ తెలుసు.

సీతారత్నం గదిలోంచి వచ్చింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీంచి ఎండ పడుతోంది. అటు చూడకుండా నడవాలనుకుంది గానీ చూసింది. పద్నాలుగు నెలలు కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. చాపల దగ్గర ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది. పెద్దతల్లి తన పీట జరుపుకుని పక్కన జాగా చేసింది. ఈసారి ఆ జరగడం వేరు.

బావ గుమ్మం దాకా వెంట వచ్చాడు. కళ్ళజోడు చేతిలో ఉంది, ఏం చెయ్యాలో తెలియక చొక్కా అంచుతో అద్దాలు తుడుస్తున్నాడు.

"సీతా" అన్నాడు. మరదలా అనలేదు. "నాను నిన్ను కాపాడదామనే..."

ఆమె చాకు తీసుకుంది. ఒక గింజ పట్టుకుని పొట్టు గీరింది.

"బుధవారం టెక్కలిలో ఆటుంది. కలెక్టరాఫీసోళ్ళు కూడా వత్తారు. మరి... ఆ సేద కట్టం సెప్పొచ్చా?"

ఇంత జరిగాక అతనికి తోచిన ప్రశ్న అది. మొదటిసారి అడిగాడు, అదీ అందరి ముందూ. అడగాల్సిన రోజు, అరుగు మీద ఆమె కొబ్బరి కోరిననాడే, దాటిపోయింది.

సీతారత్నం తలెత్తింది. "సెప్పండి. జనానికి పనికొస్తాది" అంది. అండి అన్న ఆ మాట అతని ముక్కు మీద పడినట్టుంది, వెనక్కి తగ్గాడు. "పప్పు మటుకు వద్దు. సేపలే పెట్టుకోండి ఢిల్లేశ్వరరావు గారూ."

అతను కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. షెడ్డులో చాకుల చప్పుడు ఒక్కొక్కటిగా మొదలయింది. సీతారత్నం చేతిలో పొట్టు ఊడింది గానీ పప్పు రెండు బద్దలయిపోయింది. బద్దల్ని చూసి ఒక్క క్షణం ఆగి, వాటిని బద్దల్లోనే వేసింది.

పెద్దతల్లి తల వంచుకుని, పెదవులు కదలకుండా అడిగింది.

"ఆ మాత్ర, అన్నం తినక ముందా, తిన్నాకా?"

"నాకయితే తిన్నాకే ఏసుకోమన్నారు. శుక్రవారం టెక్కలి ఎల్దాం, నీ సంగతి డాక్టరు సెప్తారు."